షాఫ్ట్ డ్రైవ్ బండిలో వెనక నుంచి శబ్దం: ఫైనల్ డ్రైవ్ మార్చే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుందాం, చదివే మిగతావాళ్ళకీ అర్థమవుతుంది. మీది 2008 మోడల్ బీఎండబ్ల్యూ ఆర్1200జీఎస్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, 58 వేల మైళ్ళు తిరిగింది. గంటకు 35 మైళ్ళు దాటాక వెనక నుంచి గుయ్‌మని ఒక హోరు మొదలై వేగంతో పాటు పెరుగుతోంది. ఇది కాక, మెల్లగా వెళ్తూ త్రాటిల్ వదిలి మళ్ళీ ఇచ్చినప్పుడల్లా కింద ఎక్కడో టక్కుమంటోంది. డల్లాస్‌లో మీరు చూపించిన షాపులో ఒక రౌండ్ కొట్టి వచ్చి, ఫైనల్ డ్రైవ్ (షాఫ్టు తిప్పే శక్తిని వెనక చక్రానికి మళ్ళించే గేర్ల పెట్టె) పోయింది, మొత్తం మార్చాలన్నారు. ఆ ఎస్టిమేట్ బండి కొన్న ధరలో సగం దాటింది. మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న. వచ్చే నెల ఫ్రెండ్స్‌తో టెక్సస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కు ట్రిప్ ఉంది, వెళ్ళొచ్చా అని కూడా అడిగారు.

నా మాట: ఇంకా డబ్బు కట్టకండి. ఫైనల్ డ్రైవ్ పోయి ఉండొచ్చు, నేను కాదనను. కానీ మీరు రాసినదాంట్లో అది పోయిందని తేల్చే ఆధారం ఒక్కటీ కనిపించలేదు. రౌండ్ కొట్టి విన్న శబ్దం ఒక్కదాన్ని పట్టుకుని షాఫ్ట్ బండిలో ఫలానా పార్ట్ అని చెప్పడం చాలా కష్టం. వెనక చక్రాన్ని మోసే చేయి, అంటే స్వింగార్మ్, ఒక అల్యూమినియం గొట్టం. చైన్‌కు బదులు శక్తిని వెనక్కి చేర్చే షాఫ్టు దాని లోపలే తిరుగుతుంది. ఎక్కడ పుట్టిన శబ్దమైనా ఆ గొట్టం పొడవునా పాకి, వేరే చోటి నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. గేర్‌బాక్స్ దగ్గరి శబ్దం చక్రం దగ్గర వినపడటం, టైరు మోత ఫైనల్ డ్రైవ్ మోతలా అనిపించడం ఈ బళ్ళలో మామూలే. అందుకని నేను ఏ షాఫ్ట్ బండి వచ్చినా శబ్దం ఎక్కడి నుంచి వస్తోందని ముందు అడగను. అది దేని వేగాన్ని బట్టి మారుతోందని అడుగుతాను.

దీనికి చిన్న లెక్క ఉంది, ఓపిగ్గా చదవండి. మీ వెనక టైరు 150/70 ఆర్17. చుట్టుకొలత సుమారు 2 మీటర్లు. గంటకు 60 కిలోమీటర్లు, అంటే మీ లెక్కలో 37 మైళ్ళ వేగంలో, చక్రం సెకనుకు దాదాపు 8 సార్లు తిరుగుతుంది. ఫైనల్ డ్రైవ్‌లో వేగం దాదాపు మూడో వంతుకు తగ్గుతుంది కాబట్టి, దానికి ముందున్న షాఫ్టు సెకనుకు 23, 24 సార్లు తిరుగుతుంటుంది. షాఫ్టుకు ముందు ఒకటి, వెనక ఒకటి క్రాస్ జాయింట్లు ఉంటాయి. మన దగ్గర లారీల కింద, జీపుల కింద మెకానిక్కులు క్రాస్ అనేది ఇదే. ఇది వంకరలో తిరిగేటప్పుడు ఒక్కో చుట్టుకు రెండుసార్లు వేగం కొంచెం పెరిగి తగ్గుతుంది. అంటే జాయింట్ తేడా చేస్తే దాని అదురు సెకనుకు 46, 48 సార్లు వస్తుంది. ఫైనల్ డ్రైవ్‌లో చక్రం వైపు ఉండే పెద్ద గేరు, అంటే క్రౌన్ వీల్‌కు ముప్పై పైచిలుకు పళ్ళుంటాయి కనుక పళ్ళ రాపిడి సెకనుకు 250 సార్లకు పైనే.

ఇప్పుడు దీన్ని చెవికి, కాలికి అన్వయించుకోండి. చక్రం తిరిగే లెక్కన వచ్చే శబ్దమైతే మెల్లగా వెళ్ళినప్పుడు దబ్, దబ్, దబ్ అని దాదాపు లెక్కపెట్టగలుగుతారు. జాయింట్ అదురు లెక్కకు అందదు. ఫుట్‌పెగ్ మీద అరికాలికి జివ్వుమని తగులుతుంది, ఒక వేగం దగ్గర ఎక్కువై అది దాటాక తగ్గుతుంది కూడా. పళ్ళ శబ్దం మాత్రం శ్రుతిలో ఉన్నట్టు సన్నగా ఊదినట్టు ఉంటుంది, వేగం పెరిగే కొద్దీ పైస్థాయికి పోతుంది. పాడైన బేరింగ్‌కు శ్రుతి ఉండదు, గరగరమంటుంది. మీరు గుయ్‌మని హోరు అన్నారు. అది పళ్ళదీ కావచ్చు, టైరుదీ కావచ్చు, మొదట్లోనే ఉన్న బేరింగ్ దెబ్బా కావచ్చు. మీ ఫోన్ రికార్డింగ్‌లో గాలి మోతే ఎక్కువగా ఉంది కాబట్టి దాన్ని బట్టి నేనేమీ చెప్పలేను.

కాబట్టి ముందు రోడ్డు మీద చేయాల్సింది చేయండి. ట్రాఫిక్ లేని, నున్నటి రోడ్డు చూసుకోండి. గంటకు 45 మైళ్ళ దగ్గర స్థిరంగా ఉంచి అదే వేగంలో మూడో గేరు, నాలుగు, ఐదు మార్చి వినండి. గేరు మారినప్పుడు శబ్దం స్థాయి మారితే అది ఇంజిన్, క్లచ్, గేర్‌బాక్స్ వైపుది. మారకపోతే గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ నుంచి టైరు దాకా ఎక్కడైనా కావచ్చు. తర్వాత క్లచ్ పట్టి ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి దొర్లనివ్వండి. ఇంజిన్ ఆపకండి, ఆ పని ఎవరు చెప్పినా చేయకండి, ఈ బండిలో ఏబీఎస్‌కు (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) కరెంటు కావాలి. దొర్లేటప్పుడు శబ్దం అలాగే ఉంటే, లోడు లేకపోయినా వస్తోందన్నమాట. పళ్ళ అరుగుదల అయితే లోడు ఇచ్చినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా వినిపిస్తుంది. బేరింగ్‌కూ టైరుకూ ఆ తేడా పెద్దగా ఉండదు.

మీ మెసేజ్‌లో ఒక వాక్యం నన్ను ఆపింది. "కొత్తగా తారు వేసిన హైవే మీద శబ్దం కొంచెం తగ్గినట్టుంది, మలుపులో బండి వంచితే మారుతోంది" అని రాశారు. బేరింగ్‌కు కింద ఏ రోడ్డున్నా ఒకటే. రోడ్డు నున్నగా ఉంటే తగ్గేది, బండి వంచితే మారేది ముందుగా టైరు శబ్దం. ఎక్కువగా హైవే మీదే తిరిగిన బండికి వెనక టైరు మధ్యలో చదునుగా అరుగుతుంది. ట్రెడ్ దిమ్మలు ఒక అంచున ఎత్తుగా, ఇంకో అంచున పల్లంగా తయారవుతాయి. అరచేతిని టైరు మీద ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి రాయండి. ఒకవైపు నున్నగా, మరోవైపు రంపపు పళ్ళలా తగిలితే మీ హోరుకు కారణం చాలావరకు అదే. జీఎస్‌కు వేసే దిమ్మల టైర్లలో ఇది ఇంకా ఎక్కువ. ముందు టైరు కూడా చూడండి, దాని మోత కూడా వెనక నుంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. టైరుతో పోయేదానికి ఫైనల్ డ్రైవ్ మార్పించుకోవడం గోటితో పోయేదానికి గొడ్డలి వాడటమే. అయినా నేను టైరే అని తీర్పు ఇచ్చేయను, ఎందుకంటే మీకు రెండో శబ్దం కూడా ఉంది.

ఆ టక్కుమనే శబ్దం గురించి మీరు తక్కువ రాశారు, షాపువాళ్ళు అసలు పట్టించుకోలేదు. నాకు మాత్రం హోరు కన్నా దాని మీదే ఎక్కువ టెన్షన్. షాఫ్ట్ బండిలో కొంచెం టక్ అనడం సహజమే. గేర్‌బాక్స్ పళ్ళ మధ్య, స్ప్లైన్లలో (షాఫ్టు కొనల దగ్గర ఒకదానిలో ఒకటి కూర్చునే పొడవాటి పళ్ళు), పినియన్‌కూ (షాఫ్టు తిప్పే చిన్న గేరు) క్రౌన్‌కూ మధ్య కొద్ది కొద్ది ఖాళీ ఉంటుంది. త్రాటిల్ వదిలి ఇచ్చినప్పుడు ఆ ఖాళీలన్నీ ఒకేసారి ఇటు నుంచి అటు తిరుగుతాయి. చైన్ బండికి అలవాటు పడ్డవాళ్ళు దీన్ని విని భయపడతారు. కానీ మీరు కొన్నప్పుడు లేదు, మూడు నెలలుగా పెరుగుతోంది అన్నారు. పెరిగే టక్ సహజం కాదు. క్రాస్ జాయింట్ కప్పుల్లో ఉండే సూది బేరింగ్‌లు (సన్నటి కడ్డీల్లాంటి రోలర్లు) అరిగితే ఇలాగే మొదలవుతుంది.

ఇక షెడ్‌లో పని. మెయిన్ స్టాండ్ వేయండి, ముందు చక్రం కదలకుండా కట్టేయండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. వెనక చక్రాన్ని పైన ఒక చేయి, కింద ఒక చేయి వేసి పట్టుకుని అటూ ఇటూ ఊపండి. తర్వాత ముందు, వెనక అంచుల దగ్గర పట్టుకుని ఊపండి. ఆడుతోందా లేదా అన్నదానికన్నా దేనికీ దేనికీ మధ్య ఆడుతోంది అన్నది ముఖ్యం. ఒక మనిషిని ఊపమని, మీరు వేలి కొనను సందుల మీద పెట్టి చూడండి. ఫైనల్ డ్రైవ్ హౌసింగ్ కదలకుండా చక్రం ఒక్కటే కదిలితే క్రౌన్ వీల్‌ను మోసే పెద్ద బాల్ బేరింగ్ పోయిందని అర్థం. చక్రం, హౌసింగ్ రెండూ కలిసి కదిలి, హౌసింగ్‌కూ స్వింగార్మ్‌కూ మధ్య సందు మారుతుంటే పివట్ బేరింగ్‌లు. స్వింగార్మ్ మొత్తం కదిలితే దాని ముందు పివట్. వేలికి తగిలే ఆ తేడా ఏ మెషీనూ ఇంత తేలిగ్గా చెప్పదు. మొదటిదానికి పెద్ద ఖర్చు, రెండోదానికి చిన్న ఖర్చు, బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఊగుతాయి.

ఒక హెచ్చరిక. స్టాండ్ మీద గేరు వేసి చక్రం తిప్పుతూ శబ్దం వినడం చాలామంది చేస్తారు. స్టాండ్ మీద చక్రం గాల్లో ఉంటుంది, సస్పెన్షన్ పూర్తిగా కిందికి వేలాడుతుంది, జాయింట్ల వంకర మనిషి కూర్చుని నడిపేటప్పటికన్నా ఎక్కువవుతుంది. అప్పుడు బాగున్న షాఫ్టు కూడా కటకటమంటుంది. ఆ శబ్దం వీడియో తీసి జాయింట్ పోయిందని బెంగపడేవాళ్ళను ఎంతమందినో చూశాను. తిరిగే చక్రం దగ్గర వేళ్ళు, గుడ్డలు ఉండటం ప్రమాదం కూడా. దానికి బదులు రెండు బోల్టులు విప్పి బ్రేక్ క్యాలిపర్ (డిస్క్‌ను ప్యాడ్లతో నొక్కే భాగం) పక్కకు తీసి, తీగతో వేలాడదీసి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఇంకో చేయి ఫైనల్ డ్రైవ్ మీద పెట్టండి. ప్యాడ్ రాపిడి లేకపోతే బేరింగ్ గరుకు అరచేతికి ఇసుక మీద దొర్లుతున్నట్టు స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత ఆయిల్. ఫైనల్ డ్రైవ్ మంచిదో కాదో చెప్పే అసలు సాక్షి ఇదే, షాపులో దీన్ని తీయకుండానే తీర్పు చెప్పారంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు. 2004లో ఈ మోడల్ వచ్చినప్పుడు ఫైనల్ డ్రైవ్ ఆయిల్ జన్మకు మార్చనక్కర్లేదన్నారు, కింద డ్రెయిన్ ప్లగ్ కూడా ఇవ్వలేదు. తర్వాత మార్చాలని చెప్పారు, ప్లగ్ కూడా వచ్చింది. మీ 2008 బండికి అడుగున ప్లగ్ ఉంటుంది, దాని కొనన మాగ్నెట్ ఉంటుంది. బండి కొంచెం తిప్పి వేడెక్కాక తీయండి. తీసిన ప్లగ్‌ను వెంటనే తుడిచేయకండి. మాగ్నెట్ మీద బూడిద రంగు ముద్ద పేరుకుని ఉంటుంది. దాన్ని తెల్ల కాగితం మీద రాసి, బొటనవేలు, చూపుడువేలు మధ్య నలపండి. కాటుకలా మెత్తగా రాసుకుపోతే మామూలు అరుగుదల. వేళ్ళకు గుచ్చుకుంటే, టార్చి వేస్తే రేకుల్లా తళుక్కుమంటే, బేరింగ్‌లో గుండ్లు దొర్లే దారి పొరలూడుతోందన్నమాట. సూదుల్లా సన్నటి ముక్కలుంటే ఇక బండి ఎక్కకండి. ఆయిల్ పాలలా తెల్లబడి ఉంటే నీళ్ళు చేరాయి. తిరిగి నింపేది 180 మిల్లీలీటర్లే, జీఎల్-5 రకం గేర్ ఆయిల్. ఇంకొంచెం పోస్తే మంచిదే కదా అని ఎక్కువ పోస్తే వేడికి వ్యాకోచించి సీల్‌ను తన్నుకుని బయటికొస్తుంది.

చక్రం లోపలి వైపు కూడా చూడండి. రిమ్ మీద, డిస్క్ చుట్టూ ఆయిల్ జిడ్డు ఉంటే పెద్ద సీల్ కారుతోంది. సీల్ ఒక్కటే ముసలిదైపోయి కారవచ్చు, లేదా బేరింగ్ వదులై క్రౌన్ ఊగి సీల్ అంచును తినేసి ఉండవచ్చు. కారుతోంది, మాగ్నెట్ మీద రేకులున్నాయి, చక్రం హౌసింగ్‌లో ఆడుతోంది, ఈ మూడూ కలిస్తే అప్పుడు షాపువాళ్ళ మాట నిజం. అప్పుడప్పుడు ఏబీఎస్ లైటు వెలుగుతోందా? క్రౌన్ ఊగితే వీల్ స్పీడ్ సెన్సార్‌కు కావలసిన సందు మారిపోయి ఆ లైటు ముందుగానే వస్తుంది. మీరు దాని గురించి ఏమీ రాయలేదు.

చక్రం విప్పినప్పుడే ఇంకొకటి. చక్రాన్ని బిగించే ఫ్లాంజ్ ఈ తరం బళ్ళలో అల్యూమినియంది. బోల్టులు అతిగా బిగించినప్పుడు దానికి పగుళ్ళు వచ్చే అవకాశం ఉందని 2015లో బీఎండబ్ల్యూ రీకాల్ చేసి, స్టీల్ ఫ్లాంజ్ వేసింది. సెకండ్ హ్యాండ్ బండి కదా, పాత ఓనర్ చేయించాడో లేదో ఛాసిస్ నంబరు చెప్పి డీలర్‌ను అడగండి. బోల్టు రంధ్రాల చుట్టూ సన్నటి గీతల్లాంటి పగుళ్ళున్నాయేమో వెలుతురులో చూడండి. తిరిగి బిగించేటప్పుడు ఐదు బోల్టులూ ఎదురెదురుగా, దశలవారీగా, టార్క్ రెంచ్‌తో 60 న్యూటన్ మీటర్లకు. గాలి గన్‌తో బిగించనివ్వకండి.

ఇక షాఫ్టు దగ్గరికి వద్దాం, ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. బీఎండబ్ల్యూ ఇలాంటి బళ్ళకు 1923లో ఆర్32 నుంచీ షాఫ్టే వాడుతోంది, చాలాకాలం దానికి ఒక్క జాయింటే ఉండేది. 1987లో జీఎస్‌కు పారాలీవర్ (ఫైనల్ డ్రైవ్‌ను స్వింగార్మ్ చివర పివట్ మీద కదలనిచ్చి పైన కడ్డీతో పట్టే అమరిక) వచ్చాక వెనక రెండోది చేరింది. త్రాటిల్ ఇచ్చినప్పుడు బండి వెనక భాగం లేవడం తగ్గింది, నడపడానికి ఎంతో హాయి. కానీ ఆ వెనక జాయింట్ చిన్నది, ఎప్పుడూ వంకరలో పని చేస్తుంది, గ్రీజు పెట్టడానికి నిపిల్ లేదు. కంపెనీలో పెట్టిన గ్రీజే దానికి ఆఖరు. దాన్ని కాపాడేది ఫైనల్ డ్రైవ్‌కూ స్వింగార్మ్‌కూ మధ్య ఉండే రబ్బరు బూట్ ఒక్కటే. బూట్ చీలినా, అంచు గాడిలో సరిగ్గా కూర్చోకపోయినా ప్రెషర్ వాష్ నీళ్ళు లోపలికి పోతాయి, గ్రీజు కడిగేస్తాయి, సూదులు తుప్పు పడతాయి.

తుప్పు పట్టిన జాయింట్ రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి వదులవుతుంది, అప్పుడు టక్ టక్‌మంటూ తనే చెబుతుంది. రెండోది బిగుసుకుపోతుంది. ఇదే మోసం చేసేది. బిగుసుకున్న జాయింట్ వదులు ఉండదు కాబట్టి చేత్తో ఊపితే ఏమీ తెలియదు, శబ్దం కూడా పెద్దగా ఉండదు. వంగాల్సిన చోట వంగక ప్రతి చుట్టుకూ ఎదురు తిరుగుతుంది. ఆ భారమంతా పక్కనున్న స్ప్లైన్ల మీద, గేర్‌బాక్స్ అవుట్‌పుట్ బేరింగ్ మీద, పినియన్ బేరింగ్ మీద పడుతుంది. చివరికి తెగితే వెనక చక్రానికి డ్రైవ్ పోవడమే కాదు, తెగిన ముక్క లోపల కొట్టుకుని స్వింగార్మ్‌నే పగలగొట్టవచ్చు.

ఈ మధ్య నా దగ్గరికి వచ్చిన ఇలాంటి బండికే అంతకుముందు ఎక్కడో ఫైనల్ డ్రైవ్ బేరింగ్ మార్చారు, శబ్దం పోలేదు. బూట్ వెనక్కి లాగగానే ఇటుక పొడి లాంటి ఎర్రటి ధూళి నా చేతి మీద రాలింది. షాఫ్టు బయటికి తీసి వెనక జాయింట్‌ను ఒకవైపు వంచితే మెత్తగా వంగింది. రెండోవైపు వంచితే సరిగ్గా మధ్యలో కటుక్కున ఆగి, బలం పెడితే ఆ గాడి దాటి ముందుకెళ్ళింది. సూదులు కప్పు గోడ మీద ఒకేచోట కూర్చుని కూర్చుని గాట్లు పెట్టుకున్నాయి. ఆ ఓనర్ పాపం అంతకుముందు పెట్టిన డబ్బంతా వృథా. బేరింగ్ మార్చినవాళ్ళు షాఫ్టు చేతిలోకి తీసుకుని రెండుసార్లు వంచి చూసినా తెలిసిపోయేది.

మీరూ అదే చేయాలి. పని కష్టం కాదు, ఒక పూట పడుతుంది. సైలెన్సర్ అడ్డొస్తే పక్కకు తిప్పి చక్రం తీయండి. క్యాలిపర్, ఏబీఎస్ సెన్సార్ విప్పి, వైరు లాగుకుపోకుండా కట్టండి. బూట్ అంచును ఫైనల్ డ్రైవ్ మీద నుంచి తప్పించండి. ఫైనల్ డ్రైవ్‌ను ఒక బెల్టుతో పైకి కట్టి ఉంచి, పైనున్న పారాలీవర్ కడ్డీ బోల్టు తీయండి. అప్పుడు ఫైనల్ డ్రైవ్ కింది పివట్ మీద మెల్లగా వెనక్కి వాలుతుంది, షాఫ్టు స్ప్లైన్లు పినియన్ నుంచి జారి బయటపడతాయి. గబుక్కున వదిలేయకండి, బ్రేక్ పైపు మీద బరువు పడితే ఇంకో పని తయారవుతుంది. ఇంత వరకూ వస్తే వెనక జాయింట్ మీ చేతికి అందుతుంది. ముందు జాయింట్ కోసం షాఫ్టును గేర్‌బాక్స్ అవుట్‌పుట్ మీద నుంచి లాగాలి. అక్కడ లోపల ఒక రింగ్ పట్టుకుని ఉంటుంది, గట్టిగా కుదిపితే వదులుతుంది. షాఫ్టు రెండు ముక్కలుగా జారే రకమైతే విడదీయకముందే రెండు ముక్కల మీదుగా పెయింట్‌తో ఒక గీత గీయండి. ఒక్క పన్ను తప్పుగా కలిపినా రెండు జాయింట్లూ ఒకదాని హెచ్చుతగ్గులను ఇంకోటి సర్దుకోవు, ఇంతకుముందు లేని అదురు కొత్తగా వస్తుంది.

రెండు జాయింట్లనూ రెండు దిక్కులకూ వంచండి. మధ్యలో గాడి పడినట్టు ఆగినా, మెత్తగా కాకుండా ముక్కుతూ తిరిగినా, కప్పులో వదులు తగిలినా ఆ షాఫ్టుకు కాలం చెల్లింది. కొంచెమే కదా అని తిరిగి వేయకండి. కంపెనీ క్రాసులు బయటికి తీయడానికి వీల్లేకుండా కప్పు అంచులు గుద్ది బిగించేస్తారు. కాబట్టి కొత్త షాఫ్టు వేయాలి, లేదా మిషన్ షాపులో కప్పులు తీసి కొత్త క్రాసులు వేసి బ్యాలెన్స్ చేసే స్పెషలిస్టులకు పంపాలి. అమెరికాలో అలాంటివాళ్ళు ఉన్నారు, కొత్త షాఫ్టు కన్నా బాగా చవక. నా ఇష్టం మాత్రం, ఇన్ని మైళ్ళు తిరిగిన బండికి స్ప్లైన్లు కూడా అరిగి ఉంటే కొత్తదే. స్ప్లైన్ పళ్ళు పక్క నుంచి చూస్తే చదునుగా ఉండాలి. ఒకవైపు వాలి అంచు కత్తిలా అయితే అరిగిపోయినట్టే.

తిరిగి కూర్చేటప్పుడు పాత గ్రీజు పూర్తిగా తుడిచి, మాలిబ్డినం ఎక్కువ పాలు ఉన్న పేస్టు స్ప్లైన్లకు పల్చగా పూయండి. మామూలు చక్రాల గ్రీజు ఇక్కడ పనికిరాదు, తిరిగే వేగానికి ఎగిరిపోయి స్ప్లైన్లు ఎండిపోతాయి. ఫైనల్ డ్రైవ్ పైకి లేపుతూ పినియన్‌ను చేత్తో కొంచెం కొంచెం తిప్పితే స్ప్లైన్లు వాటంతట అవే కలుస్తాయి. బలవంతం చేయకండి. ఆఖర్న బూట్ అంచు మీద సమయం పెట్టండి. అద్దం పెట్టుకుని చుట్టూ గాడిలో కూర్చుందో లేదో చూడండి. పనంతా శుభ్రంగా చేసి బూట్ దగ్గర తొందరపడితే, రెండు వానాకాలాల్లో మళ్ళీ ఇదే పని.

ఒకవేళ ఆయిల్‌లో రేకులు వచ్చి ఫైనల్ డ్రైవే తప్పు అని తేలితే, అప్పుడు కూడా మొత్తం కొత్తది కొనడం ఒక్కటే దారి కాదు. క్రౌన్ పినియన్ పళ్ళు బాగుంటే బేరింగ్, సీల్ మార్పించవచ్చు. కాకపోతే ఇది ఇంట్లో చేసే పని కాదు. హౌసింగ్‌ను వేడి చేసి బేరింగ్ తీయాలి, కొత్తది వేశాక క్రౌన్ ఎంత బిగువుగా కూర్చోవాలో కొలిచి, దానికి తగ్గ మందం ఉన్న షిమ్ (సందు సరిచేసే పల్చటి లోహపు రింగ్) వేయాలి. పాత షిమ్మే మళ్ళీ వేసి పంపేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. షిమ్ కొలుస్తారా అని ఫోన్‌లోనే అడగండి, జవాబు తడబడితే ఇంకొకరిని చూడండి. యాక్సిడెంట్ అయిన బండి నుంచి తీసిన ఫైనల్ డ్రైవ్ కొనే ఆలోచన ఉంటే నిష్పత్తి మీదానిదే అయ్యుండాలి. జీఎస్‌కూ, అదే కంపెనీ టూరింగ్ మోడల్ ఆర్‌టీకీ ఒకటి కాదు, బయటికి ఒకేలా కనిపించినా. రిపేర్ తర్వాత 600 మైళ్ళకు ఆయిల్ మళ్ళీ తీసి మాగ్నెట్ చూడండి. అక్కడి నుంచి 12 వేల మైళ్ళకు ఒకసారి మార్చండి, తక్కువ తిరిగితే ఏడాదికి ఒకసారి.

న్యూట్రల్‌లో గలగలమని వచ్చి క్లచ్ పట్టగానే పోయే శబ్దం గురించి కూడా చివర్లో అడిగారు. ఇది డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) బండి, లోడు లేనప్పుడు గేర్లు అలా కొట్టుకుంటాయి. ఐడిల్ సరిగ్గా ఉంటే దాన్ని వదిలేయండి.

బిగ్ బెండ్ సంగతి. అక్కడ మైళ్ళ తరబడి మనిషి కనపడడు, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. షాఫ్టు చేతిలోకి తీసుకుని చూసేదాకా ఆ ట్రిప్‌కు ఈ బండి వేసుకుని వెళ్ళొద్దు. జాయింట్లు మెత్తగా ఉండి, మాగ్నెట్ శుభ్రంగా ఉండి, చక్రం హౌసింగ్‌లో ఆడకపోతే కొత్త టైరు వేసుకుని నిశ్చింతగా వెళ్ళండి. నాకు ఎక్కువ నమ్మకం దీని మీదే: హోరు టైరుది, టక్ వెనక జాయింట్‌ది. ఆయిల్ ముందు తీయండి, అది అరగంట పని. మాగ్నెట్ ముద్దను తెల్ల కాగితం మీద రాసి వెలుతురులో ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.

హైదరాబాద్‌లో ఆర్1250జీఎస్ నడుపుతున్న మీ బావగారి గురించి అడిగారు. ఆ లిక్విడ్ కూల్డ్ బళ్ళ షాఫ్టుల్లోనూ నీళ్ళు చేరి జాయింట్లు తుప్పు పట్టిన సంగతి ఉంది. 2022లో బీఎండబ్ల్యూ షాఫ్టు పరీక్షలు, 60 వేల కిలోమీటర్ల దగ్గర ఉచితంగా మార్చే ఏర్పాటు ప్రకటించింది. ఆయన బండికి అది వర్తిస్తుందేమో ఛాసిస్ నంబరుతో డీలర్ దగ్గర రాతపూర్వకంగా అడగమనండి, సర్వీస్ బిల్లులో షాఫ్టు తీసి చూశామన్న ఎంట్రీ ఉందో లేదో చూసుకోమనండి. వానాకాలంలో నీళ్ళు నిలిచిన రోడ్ల మీద ఎక్కువగా తిరిగితే కిలోమీటర్ల కోసం ఆగకుండా ఏటా వానలయ్యాక ఒకసారి బూట్ తప్పించి లోపల చూపించుకుంటే చాలు. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ పైపును ఆ బూట్ మీద పెట్టనివ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పండి.